ఉభయకుశలోపరి, థర్మల్ గన్ గారికి

మహారాజశ్రీ థర్మల్ గన్ గారి దివ్యసముఖానికి, మూడో అంతస్తువాసి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. పాతకాలపు ఉత్తరాల్లో ఈ ఒక్క మాటతో రెండు ఇళ్ల ఆరోగ్యం తేలిపోయేది. రాసేవారు కుశలం, చదివేవారు కుశలం, రుజువు అడిగేవారు లేరు. 2020లో, కరోనా రోజుల్లో, మా గేటు దగ్గర వచ్చేపోయేవారి ఒంటి వేడి చూస్తూ మీరు చేసిన ఉద్యోగమూ అదే కనుక, అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

మొన్న లిఫ్ట్ గది తాళంచెవి వెతుకుతుంటే వాచ్‌మన్ గది సొరుగులో కనిపించారు. మీ పక్కన జిగురులా మారిన శానిటైజర్ సీసా, మీ కింద రెండు రిజిస్టర్లు. ఒకప్పుడు మీ కోసం నాలుగు మందుల షాపులు తిరిగి, అడిగినంత ఇచ్చి, ఉత్సవ విగ్రహాన్ని తెచ్చినట్టు తెచ్చుకున్నాం. తెచ్చిన రోజు సాయంత్రం సెల్లారులో అందరం గుంపుగా చేరి, మిమ్మల్ని చేతులు మార్చుకుంటూ, ఒకరి నుదుటికి ఒకరం గురిపెట్టుకుని మురిసిపోయాం. మాస్కులు గడ్డాల కింద ఉన్నాయన్నది వేరే సంగతి.

మొదట్లో నుదుటికే గురి. తర్వాత మీ కిరణాలు మెదడులోకి పోతాయని ఫోన్లలో ఒక సందేశం తిరిగింది. నిజానికి మీ నుంచి మాలోకి వచ్చేది ఏమీ లేదు. మా ఒంటి నుంచి వెలువడే పరారుణ కిరణాలను పట్టుకుని ఒక అంకె చెప్పడమే మీ పని. ఆ మాట ఎవరు వింటారు? నుదుటి నుంచి మణికట్టుకు దిగారు. ఏసీ కారు దిగినవారి మణికట్టు 93 డిగ్రీలు చూపేది. ఒంటి వేడి 95 కంటే తగ్గితే ప్రాణాపాయమంటారు వైద్యులు. మావాళ్లు కూరగాయల సంచితో కబుర్లు చెప్పుకుంటూ లిఫ్ట్ ఎక్కేవారు. మిట్టమధ్యాహ్నం స్కూటరు మీద వచ్చినవారికి 101 చూపితే, వేపచెట్టు కింద అయిదు నిమిషాలు నిలబెట్టి మళ్లీ గురిపెట్టేవాడు వాచ్‌మన్. నయమైపోయేది. కరోనాకు వేపచెట్టు నీడ మందని ప్రపంచంలో మొదట కనిపెట్టింది మావాడే.

రిజిస్టర్లు తిరగేశాను. పేరు, ఫ్లాటు నంబరు, వచ్చిన వేళ, ఉష్ణోగ్రత. మొదటి పది రోజులూ అంకెలు మారుతూ వచ్చాయి. తర్వాత పేజీ పొడుగునా 97.4. మొదటి వరుసలో అంకె, మిగతా వరుసల్లో పైన చెప్పినదే అన్నట్టు రెండేసి చుక్కలు. ఇంకో నెల గడిచేసరికి ఉష్ణోగ్రత గడి ఉదయమే నిండిపోయి, పేర్ల గడి ఖాళీగా ఉండేది. రాబోయేవారి ఆరోగ్యం రాకముందే తెలిసిపోయేదన్నమాట.

ఇక నా సంగతి. ఆ ఏడాది ఆగస్టులో మా పెద్దమ్మకు కంటి శుక్లం ఆపరేషన్. పేషంటుతో పాటు తోడు వచ్చేవారికి కూడా పరీక్ష తప్పదన్నారు ఆసుపత్రిలో. నాకెందుకు పరీక్ష అని నేను వాదించాను. జ్వరం లేదు, దగ్గు లేదు, ఉదయం తిరగమోత వాసన మూడు గదుల అవతలికి తెలిసింది. అయినా కూర్చోబెట్టారు. ముక్కు ఎక్కడ అయిపోతుందని నేననుకున్నానో, అక్కడ ఆ పుల్ల అసలు ప్రయాణం మొదలైంది. పీపీఈ సూట్‌లో ఉన్న అమ్మాయి పుల్ల పెట్టకముందు నుంచే "అయిపోయిందండీ, అయిపోయిందండీ" అంటోంది. కళ్లలోంచి నీళ్లు కారాయి. ఇరవై నిమిషాల తర్వాత చిన్న తెల్ల పలక మీద సి దగ్గర ఒక గీత, టి దగ్గర ఇంకో గీత. రెండు గీతలంటే పాజిటివ్, కరోనా ఉన్నట్టే.

"నాకేమీ లేదు కదమ్మా" అన్నాను.

"అందుకేనండీ పరీక్ష" అని తర్వాతి మనిషిని పిలిచింది.

పెద్దమ్మకు నెగెటివ్ వచ్చింది. అయినా ఆపరేషన్ వాయిదా పడింది. "ఒరేయ్, నీ ముక్కు వల్ల నా కన్ను ఆగిపోయిందిరా" అని ఇప్పటికీ చుట్టాలందరి ముందు అంటుంది. ఆ పరీక్షకు ముందు వారంలో మీ ముందు నుంచి నేను పద్నాలుగు సార్లు వెళ్లాను. రిజిస్టరులో లెక్కపెట్టాను. పద్నాలుగు సార్లూ 97.4.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్న దొంగను పట్టుకోవడం మీకు బాగానే వచ్చు. ఈ దొంగ తడుముకోలేదు. నివురుగప్పిన నిప్పును పైపై వేడి చూసి పట్టుకొమ్మని మిమ్మల్ని నిలబెట్టినవాళ్లం మేము, కనుక మొత్తం తప్పు మీ నెత్తిన రుద్దను. అయితే తెలియక నిలబెట్టామని కూడా చెప్పలేను. 2020 ఫిబ్రవరిలోనే జపాన్‌లోని యొకొహామా రేవులో ఆగిన డైమండ్ ప్రిన్సెస్ ఓడ సంగతి లోకమంతా తెలుసు. 20వ తేదీ నాటికి ఓడలో పాజిటివ్ తేలినవారు 634 మంది. వారిలో 328 మందికి, అంటే సగానికి పైగా, నమూనా తీసిన రోజున ఏ లక్షణమూ లేదు. అదే నెలలో ఇటలీలో వో అనే మూడు వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరిని మూసేసి, జబ్బు ఉందా లేదా అని చూడకుండా దాదాపు అందరి ముక్కుల్లోనూ పుల్లలు పెట్టారు. పాజిటివ్ వచ్చినవారిలో నూటికి నలభై మందికి పైగా హాయిగా ఉన్నారు. వాళ్లను విడిగా ఉంచారు. రెండు వారాల్లోపే రెండోసారి చూస్తే 2.6 శాతం ఉన్నది 1.2 శాతానికి దిగింది. జ్వరం కొలిచి ఊరుకుని ఉంటే ఆ నలభై శాతం మందీ కాఫీ హోటల్లో కూర్చుని ఉండేవారు.

నేను పాజిటివ్ అని తెలిశాక మా అపార్టుమెంటులో ఏం జరిగిందో మీరు గేటు దగ్గరే ఉండి చూశారు. నాలుగో అంతస్తు పెద్దాయన ఫోన్ చేశారు. ఎలా ఉన్నావని అడగలేదు. "అసలు ఎందుకు చేయించుకున్నావయ్యా?" అన్నారు. చేయించుకోకపోతే వచ్చేది కాదు కదా అన్న బాధ ఆ గొంతులో స్పష్టంగా వినిపించింది. నవ్వుకున్నాను గానీ, రెండు నెలల ముందే అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఇదే మాట అన్నారు. పరీక్షలు ఆపేస్తే కేసులు చాలా తక్కువే ఉంటాయని. మా పెద్దాయన శ్వేతసౌధం స్థాయి మనిషని ఆ రోజే తెలిసింది.

చుట్టాల్లోనూ అంతే. ఆంధ్రప్రదేశ్ సంజీవని బస్సులు తిప్పి ఊరూరా పరీక్షలు చేసింది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రోజుకు పది వేల కేసులు చూపించింది. మా వైపు పరీక్షలు పెంచమని తెలంగాణ హైకోర్టు ప్రభుత్వాన్ని మందలించాల్సి వచ్చింది. ఆ రోజుల్లో హైదరాబాదు నుంచి గుంటూరుకు ఫోన్ చేసి "మీ దగ్గర మరీ పెరిగిపోయిందటగా, జాగ్రత్త" అని జాలిపడినవారిలో నేనూ ఉన్నాను. ఎక్కువ వెతికిన ఇంట్లో ఎక్కువ దొరికితే, జబ్బు ఆ ఇంటిదేనని తీర్పు చెప్పాం.

మనం చూడనిది ఎంత ఉందో భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, చేసిన రక్తపరీక్షలు చెప్పాయి. 2020 మే, జూన్ నెలల్లో దేశంలో 70 జిల్లాల్లో 28 వేల మంది పెద్దవారి రక్తం చూశారు. మన వైపు జనగామ, కామారెడ్డి, నల్గొండ, కృష్ణా, నెల్లూరు, విజయనగరం అందులో ఉన్నాయి. వైరస్ వచ్చి వెళ్లిన గుర్తుగా రక్తంలో మిగిలే యాంటీబాడీలు దొరికింది 0.73 శాతం మందిలోనే. ఎంత తక్కువో అని సంబరపడేలోపు జనాభాతో గుణించి చూస్తే, మే మొదటి వారానికే 64 లక్షల మందికి సోకి ఉంటుందని తేలింది. అప్పటికి అధికారిక లెక్క లక్ష కూడా లేదు. 2021 మొదట్లో మన హైదరాబాదులోనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, టీకాల కంపెనీ భారత్ బయోటెక్ కలిసి 30 వార్డుల్లో దాదాపు 9 వేల మందిని చూస్తే 54 శాతం మందిలో యాంటీబాడీలు ఉన్నాయి. వారిలో ముప్పాతిక వంతు మందికి పైగా తమకు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో తెలియనే తెలియదు. వారందరూ ఏదో ఒక గేటు దగ్గర మీ బంధువర్గానికి మణికట్టు చూపించి లోపలికి వెళ్లినవారే.

మీకు చెబితే బాధపడతారేమో గానీ, ఈ నగరంలో మీకంటే మంచి ఉద్యోగి మురుగునీరు. ముక్కు లేదు, మొహమాటం లేదు, వేపచెట్టు కింద నిలబెట్టే పని లేదు. 2016లో అంబర్‌పేట మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన పోలియో వైరస్ కనిపిస్తే, ఒక్క బిడ్డకూ కాలు పడిపోకముందే దాదాపు మూడు లక్షల మంది పిల్లలకు సూది మందు వేశారు. 2020 ఆగస్టులో సీసీఎంబీ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరంలోని మురుగుశుద్ధి కేంద్రాల నీళ్లు పరీక్షించి, అంతకు ముందు నెల రోజుల్లో దాదాపు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉంటుందని లెక్కగట్టారు. అప్పటికి తెలంగాణ మొత్తం మీద అధికారిక కేసులు లక్షకు అటూ ఇటూగా ఉన్నాయి. నేను ఆసుపత్రిలో "నాకేమీ లేదు" అంటున్న రోజుల్లోనే మా ఇంటి పైపు కింద నిజం చెప్పేస్తోందన్నమాట.

మీ తరఫు లాయరు చైనాలోని ఊహాన్ పేరు ఎత్తుతాడని తెలుసు. 2020 మే, జూన్‌లలో అక్కడ దాదాపు 99 లక్షల మందిని పరీక్షిస్తే లక్షణాలు లేని పాజిటివ్‌లు 300 మంది దొరికారు. వారికి దగ్గరగా మెలిగిన 1,174 మందిలో ఒక్కరికీ అంటలేదు. ఒప్పుకుంటాను. మంట ఆరిపోయాక ఊరంతా బూడిద జల్లెడ పట్టడం డబ్బుకు చేటు. ల్యాబులో చేసే పీసీఆర్ పరీక్ష చచ్చిన వైరస్ ముక్కలను కూడా వారాల తరబడి చూపుతుంది. 2022 జనవరిలో ఐసీఎంఆరే లక్షణాలు లేనివారికి పరీక్ష అక్కర్లేదంది. ఆ కబురు వచ్చిన గంటకే మా అపార్టుమెంటు అంతా చదివేసింది. 2020లో పాజిటివ్ మనిషితో కలిసి తిరిగినవారు లక్షణాలు లేకపోయినా పరీక్ష చేయించుకోవాలని అదే సంస్థ చెప్పిన కబురు మాత్రం మా అపార్టుమెంటుకు ఇంకా చేరినట్టు లేదు.

నా తర్వాత మా అంతస్తులో ఎంతమంది చేయించుకున్నారని అడక్కండి. ఇస్త్రీ అబ్బాయి ఆ నెల పనిలోకి రాలేదు. వాళ్ల నాన్నకు బాగాలేదన్నాడు. నేను బట్టలు ఇచ్చింది పరీక్షకు ముందు రోజు. రెండింటికీ సంబంధం ఉందో లేదో తెలుసుకునే వీలు లేదు. ఎవరూ పరీక్ష చేయలేదు. రిజిస్టరులో అతని పేరు ఎదురుగా కూడా 97.4 ఉంది.

సొరుగు మూసేముందు ఒకసారి మీ మీట నొక్కాను. ఇన్నేళ్ల తర్వాత కూడా పచ్చలైటు వెలిగింది. అంకె మాత్రం సగం అరిగిపోయి కనిపించలేదు. వాచ్‌మన్ టీవీ రిమోట్ పనిచేయడం లేదంటే మీ రెండు బ్యాటరీలూ తీసి ఇచ్చాను. క్షమించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఫ్లాటు నం. 304,
97.4 (ఉదయమే రాసి ఉంచినది)