చివరి ట్రే వేడి ఎంత?

అమెరికాలో వృద్ధులను ఉంచి చూసుకునే నర్సింగ్ హోముల్లో ఉన్న మన పెద్దల భోజనం గురించి ఎప్పుడు మాట వచ్చినా అది మెనూ దగ్గరే ఆగిపోతుంది. పప్పు ఉండదు, కారం ఉండదు, అన్నం మెత్తగా ఉడకదు. నిజమే. కానీ పెట్టేదైనా వేడిగా పెడుతున్నారా అని అడిగేవాళ్లు తక్కువ. ముందు అడగవలసింది అదే అంటాను. మెనూ విషయంలో నిబంధన వీలైనంత ప్రయత్నించమంటుంది. వేడి విషయంలో ఆ సడలింపు లేదు.

ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాలైన మెడికేర్, మెడికెయిడ్ సొమ్ము తీసుకునే ప్రతి నర్సింగ్ హోమూ ఆహారాన్ని సురక్షితమైన, తినబుద్ధయ్యే ఉష్ణోగ్రతలో అందించి తీరాలి. ఇది ఫెడరల్ నిబంధన. తనిఖీ నివేదికలో ఈ లోపం ఎఫ్ 804 అనే కోడ్ కింద నమోదవుతుంది. వేడి పదార్థాలు 135 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గకుండా, చల్లనివి 41 దాటకుండా ఉంచాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రూపొందించిన ఫుడ్ కోడ్ చెబుతుంది. ఈ రెండింటి మధ్య బాక్టీరియా త్వరగా పెరుగుతుంది.

ఫిర్యాదు చేస్తే వంటగదిలో ఉష్ణోగ్రతలు రాసే పుస్తకం తెచ్చి చూపిస్తారు. ఆ పుస్తకం మీద నాకు పెద్ద గౌరవం లేదు. అది గిన్నెలో ఉన్నప్పటి వేడి. గిన్నెలోంచి ప్లేటులోకి, ప్లేటు ట్రేలోకి, ట్రే బండి మీదికి, బండి లిఫ్టులోకి, అక్కడి నుంచి వరండా కొసనున్న గదికి. ఆ చివరి ట్రే మాటేమిటి? ఆ పుస్తకంతో సరిపెట్టుకోని తనిఖీ అధికారులు ఒక ట్రే అదనంగా పెట్టించి, అందరికీ వడ్డన అయ్యాక దాని ఉష్ణోగ్రత కొలిచి, రుచి కూడా చూస్తారు.

ట్రే వేడిగానే వచ్చిందనుకుందాం. చెయ్యి వణికే మనిషికి తినిపించడానికి సహాయకురాలు అరగంట తర్వాత వస్తే? ఆమె తప్పు కాదు, ఆమె చేతిలో ఇంకా చాలా గదులున్నాయి. చాలాచోట్ల చల్లారిన భోజనం వంటగది లోపం కాదు, మనుషుల కొరత. యాజమాన్యాలకు ఈ మాట రుచించదు, కొత్త మూతలు కొంటామంటాయి. అసలే ఆకలి మందగించిన వయసు, చల్లటి ముద్ద రెండోసారి నోటిదాకా వెళ్లదు. చార్టులో 'సగం తిన్నారు' అని రాస్తారు. ఎందుకు సగమో రాయరు. బరువు తగ్గాక డబ్బాల్లో పోషక పానీయాలు మొదలవుతాయి.

మన వైపు నుంచీ ఒక ప్రమాదం ఉంది. ప్రేమతో తీసుకెళ్లిన అన్నం డబ్బా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మంచం పక్కనే ఉంటుంది. అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా వదిలే ఒక విషం మళ్లీ వేడి చేసినా పోదు. బయటి నుంచి తెచ్చే ఆహారాన్ని ఎలా నిల్వ చేయాలో ప్రతి హోముకూ రాతపూర్వక విధానం ఉండాలి. దాన్ని అడిగి తీసుకోండి.

మనలో చాలామంది చూడటానికి వెళ్లేది ఆదివారం మధ్యాహ్నం, ట్రేలు తీసేశాక. అమ్మను అడిగితే బాగానే ఉందంటుంది. రాత్రి భోజనం వేళకు వెళ్లి పక్కన కూర్చోండి. ట్రే వచ్చిన సమయం, మొదటి ముద్ద నోట్లోకి వెళ్లిన సమయం రాసుకోండి. కుటుంబసభ్యులు కౌన్సిల్‌గా ఏర్పడే హక్కు ఉంది. అక్కడ ఈ కాగితం పెట్టి, నెలకొకసారి చివరి ట్రేను మన ఎదుటే కొలవమని అడగవచ్చు. కుదరదంటే నర్సింగ్ హోముల్లో ఉండేవారి ఫిర్యాదులు చూసే రాష్ట్ర అంబుడ్స్‌మన్ కార్యాలయానికి ఫోను చేయవచ్చు, ఆ సేవకు రుసుము లేదు.