‘ఇది అమెరికా, ఇంగ్లీషులో మాట్లాడు’ వాక్యం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ‘ఇది అమెరికా, ఇంగ్లీషులో మాట్లాడు’ వాక్యం గారి దివ్యసముఖానికి, టెక్సస్ రాష్ట్రం ప్లేనో నగరం నుంచి ఒక తెలుగువాడు అనేక నమస్కారాలు చేసి వ్రాసుకొను విన్నపము. ఇక్కడ మేమందరం క్షేమం. కిరాణా దుకాణాల్లోను, బస్సుల్లోను, ఆసుపత్రి వరండాల్లోను తమరి గొంతు ఖంగుమని వినబడుతూనే ఉంది కనుక, తమరు కూడా నిక్షేపంగా ఉన్నారనే తలుస్తున్నాను.

ముందుగా ఒక చిక్కు మనవి చేసుకోవాలి. తమరిని తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు చివర ‘మాట్లాడు’ అని పెట్టాలా, ‘మాట్లాడండి’ అని పెట్టాలా అని చాలాసేపు ఆలోచించాను. ఇంగ్లీషులో ఆ రెండింటికీ ఒకటే రూపం గనుక, ఆ భాషలో ఉన్నంతకాలం తమరు మర్యాదస్తులో కాదో ఎవరూ తేల్చి చెప్పలేరు. తెలుగు అంత ఉదారమైన భాష కాదు. క్రియ దగ్గరకు వచ్చేసరికి ఎదుటివాడిని ఏ పీట మీద కూర్చోబెట్టామో బయటపెట్టి తీరుతుంది. నేను విన్న ఒక్కసారి కూడా తమరి వెనుక ‘అండి’కి చోటు కనిపించలేదు కనుక ‘మాట్లాడు’ అనే ఖాయం చేశాను. అన్యథా భావించవద్దు.

కిందటి నెల ఒక శనివారం ఉదయం మా ఇంటి దగ్గర కిరాణా దుకాణంలో బిల్లు కట్టే వరుసలో నిలబడి ఉండగా తమరి దర్శనభాగ్యం మరోసారి కలిగింది. నా ముందు ఒక మామ్మగారు, పదేళ్ల మనవరాలు ఉన్నారు. మామ్మగారు బండిలోని కాయలను ఒక్కొక్కటే నొక్కి చూస్తూ మనవరాలికి స్పానిషులో ఏదో చెబుతున్నారు. నాకు వచ్చిన నాలుగు స్పానిషు ముక్కలను బట్టి చూస్తే, ఏ కాయ ఈ పూటకు పనికివస్తుంది, ఏది మంగళవారం దాకా మాగాలి అన్నది విషయం. ఇంతలో మా వెనుక నిలబడిన ఒక పెద్దమనిషి నోటి నుంచి తమరు వెలువడ్డారు. మామ్మగారి మాటలు ఆయనతో అన్నవీ కావు, ఆయన గురించి అన్నవీ కావు. కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకని మావాళ్లు ఇలాంటి సందర్భాల్లోనే అడుగుతారు. మనవరాలు వెనక్కి తిరిగి, అచ్చమైన టెక్సస్ యాసలో, “మా మామ్మ అవకాడోల గురించి చెబుతోంది సార్” అంది. బండిలో ఉన్నవి అవకాడోలు, టొమాటోలు, ఈ దేశంలో సిలాంట్రో అని పిలిచే కొత్తిమీర. ఆ మూడు పేర్లూ స్పానిషు నుంచి ఇంగ్లీషుకు వచ్చినవే. ఆయన కోరినట్టు అచ్చ ఇంగ్లీషులో బేరం చేయాలంటే మామ్మగారు ఖాళీ బండితో ఇంటికి పోవలసిందే.

ఆ సమయంలో నేనేమి చేశానన్నది తరువాత మనవి చేసుకుంటాను.

తమరు వెలువడిన ఊరి పేరే ముందు చూడండి. ప్లేనో అంటే స్పానిషులో చదునైనది అని అర్థం. మావాళ్లు పోటీలు పడి ఇళ్లు కొనుక్కుంటున్న పక్క ఊరు ఫ్రిస్కోకు ఆ పేరు ఒక రైలు కంపెనీ ముద్దుపేరు నుంచి వచ్చింది. ఆ ముద్దుపేరు శాన్‌ఫ్రాన్సిస్కో తోక. కొలరాడో, నెవాడా, ఫ్లోరిడా, లాస్ ఏంజలస్, లాస్ వేగస్, ఎల్ పాసో, ఇలా తమరు ఏ పటం ముందు నిలబడి గర్జించినా ఆ పటం స్పానిషులోనే బదులిస్తుంది. స్పెయిన్ వాళ్లు ఫ్లోరిడాలో సెయింట్ అగస్టీన్ పట్టణాన్ని స్థాపించింది 1565లో; ఇంగ్లీషువాళ్లు వర్జీనియాలో జేమ్స్‌టౌన్ దగ్గర దిగింది 1607లో. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్న సామెత తమరిని చూడకుండానే ఎవరో కట్టారంటే నమ్మలేకపోతున్నాను. (ఈ ఇద్దరికన్నా ముందు ఈ నేల మీద వందలాది భాషలు ఉండేవన్న సంగతి ఎత్తితే తమరూ స్పానిషూ కలిసి తల వంచుకోవలసి వస్తుంది గనుక, అది ఎత్తను.) 1848లో గ్వాడలూప్ హిడాల్గో ఒడంబడికతో మెక్సికో చేతిలోని విశాలమైన భూభాగం అమెరికాకు దక్కినప్పుడు, అక్కడి జనం గడప దాటకుండానే దేశం మారిపోయారు. మరుసటి ఏడు వ్రాసుకున్న కాలిఫోర్నియా తొలి రాజ్యాంగం, చట్టాలన్నీ ఇంగ్లీషులోను స్పానిషులోను ప్రచురించాలని నిర్దేశించింది. 1879లో దాన్ని తిరగవ్రాసే దాకా ఆ రాష్ట్రం ఏ ముప్పూ లేకుండా ముప్పై ఏళ్లు బతికింది. చివరికి తమరు ప్రాణప్రదంగా చూసుకునే డాలరుకు కూడా పూర్వీకుడు స్పెయిన్ వెండి నాణెమే. 1857 దాకా అది ఈ దేశంలో చట్టబద్ధంగా చెల్లింది.

అయితే తమరి జాతకంలో మహర్దశ అనదగినది 2018 మే నెల. మోంటానా రాష్ట్రంలో హావర్ అనే చిన్న ఊళ్లో ఇద్దరు స్త్రీలు పాలు, గుడ్లు కొనుక్కోవడానికి దుకాణానికి వెళ్లి, వరుసలో నిలబడి స్పానిషులో మాట్లాడుకుంటున్నారు. సరిహద్దు గస్తీ అధికారి ఒకాయన అది విని, మీరెక్కడ పుట్టారని అడిగి, వాళ్లను సుమారు నలభై నిమిషాలు అక్కడే నిలబెట్టాడు. ఇద్దరూ అమెరికా గడ్డ మీద పుట్టిన పౌరులే. కారణమేమిటని వాళ్లు ఫోను కెమెరా ముందే అడిగితే, ఇంగ్లీషే ఎక్కువగా మాట్లాడే రాష్ట్రంలో మీరు స్పానిషు మాట్లాడుతున్నారు కనుక అడిగానని ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. ఆ రాష్ట్రం పేరు మోంటానా అని ఇందాకే వ్రాశాను. కొండ అనే అర్థం వచ్చే స్పానిషు మాట అది. ఆ అధికారి తాను పనిచేసే రాష్ట్రం పేరు పలికిన ప్రతిసారీ తనను తాను నలభై నిమిషాలు నిలబెట్టుకోవలసి వచ్చేది. ఆ జాగ్రత్త తీసుకున్నట్టు మాత్రం ఎక్కడా కనబడదు. ఆ స్త్రీలు కోర్టుకు వెళ్లారు, 2020లో ప్రభుత్వంతో రాజీ కుదిరింది. కానీ వీడియో బయటికి వచ్చిన తరువాత ఎదురైన ఈసడింపుల వల్ల ఇద్దరూ ఆ ఊరు విడిచి వెళ్లిపోయారు. గెలిచినవాళ్లు ఊరు వదిలి, ఓడిన వాక్యం ఊళ్లోనే ఉండిపోవడం తమరికే చెల్లింది.

అదే వారంలో న్యూయార్క్ మన్‌హాటన్‌లో ఒక న్యాయవాది, భోజనశాల సిబ్బంది స్పానిషులో మాట్లాడుతున్నారని కేకలు వేసి, ఇమిగ్రేషన్ అధికారులను పిలుస్తానని బెదిరించాడు. దానికి ఆ నగరం కోర్టు దాకా పోలేదు; చందాలు వేసుకుని ఆయన ఇంటి ముందు మారియాచీ అనే మెక్సికన్ వాద్యబృందాన్ని నిలబెట్టి, టాకోల బండి పెట్టించి పండుగ చేసుకుంది. తమరి చరిత్రలో తమరికి జరిగిన అత్యంత శ్రావ్యమైన సన్మానం అదేననుకుంటాను.

తమరి వంశవృక్షం కూడా కొంత తిరగేశాను. స్పానిషు తమరికి జ్యేష్ఠశత్రువు కాదు, ఆ గౌరవం జర్మనుకు దక్కింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1732లో ఫిలడెల్ఫియాలో జర్మను పత్రిక ఒకటి పెట్టి కొద్దికాలానికే మూసేశాడు. 1750ల నాటికి ఈ జర్మన్లు మన పెన్సిల్వేనియాను తమదిగా మార్చేస్తారని వాపోయాడు. చందాదారులు దొరకని సంపాదకుడి బాధ ఎంత దూరం పోతుందో పత్రికలు నడిపినవారికి తెలుసు. 1918లో, మొదటి ప్రపంచయుద్ధం సాగుతుండగా, అయోవా గవర్నరు విలియం హార్డింగ్ బడుల్లోను, రైళ్లలోను, బహిరంగ స్థలాల్లోను, ఆఖరికి టెలిఫోనులో కూడా ఇంగ్లీషు తప్ప మరో మాట వినబడరాదని ప్రకటన చేశాడు. పక్కనున్న నెబ్రాస్కాలో ఒక పంతులు పిల్లవాడికి జర్మనులో పాఠం చదివించాడని అక్కడి చట్టం కింద 25 డాలర్ల జరిమానా వేస్తే, 1923లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది. ఫ్రాంక్లిన్ గారి ఫిలడెల్ఫియాలోనే 2005లో మాంసం శాండ్విచ్చులకు పేరుపొందిన ఒక అంగడి కిటికీకి తమరిని దాదాపు అక్షరాలా అచ్చువేసి అంటించారు. 2016 దాకా అక్కడే కొలువున్నారు. ఆ యజమాని తాతముత్తాతలు ఇటలీ నుంచి ఇంగ్లీషు రాకుండా వచ్చినవాళ్లే. ఎవరి నెత్తిన తమరు మొట్టికాయ వేస్తారో, రెండు తరాలు తిరిగేసరికి వాళ్ల మనవళ్లే తమరిని పల్లకీ ఎక్కించి మోస్తారు.

బడుల విషయం మాత్రం నవ్వుతూ వ్రాయలేను. మా టెక్సస్‌లోనే మార్ఫా అనే ఊళ్లో, మెక్సికన్ కుటుంబాల పిల్లల కోసం వేరుగా నడిపిన బ్లాక్‌వెల్ బడిలో, 1954లో పిల్లల చేత కాగితం ముక్కల మీద స్పానిషు మాటలు వ్రాయించి, వాటిని పెట్టెలో పెట్టించి, జెండా కర్ర పక్కన గొయ్యి తీసి ‘మిస్టర్ స్పానిష్’కు అంత్యక్రియలు చేయించారు. ఆ బడి ఇప్పుడు జాతీయ చారిత్రక స్థలం. దీన్ని చదివి, ఎంత దుర్మార్గమో అమెరికావాళ్లది అని నిట్టూర్చబోయి ఆగిపోయాను. 2009లో కడప జిల్లా మైదుకూరులో, తెలుగు మాట్లాడిన తెలుగు పిల్లల మెడలో ‘ఇక ఎన్నడూ తెలుగు మాట్లాడను’ అని ఇంగ్లీషులో వ్రాసిన పలకలు వేలాడదీశారు. అది అమెరికా కాదు. తమరికి వీసా కూడా అవసరం పడలేదు.

ఇంతకీ తమరికి స్పానిషు అంటే పడదని అనుకోవడం పొరపాటని నాకు ఆలస్యంగా తెలిసింది. మా ఆఫీసులో ఒక సహోద్యోగి తన మూడేళ్ల కూతురిని అంతా స్పానిషులోనే చెప్పే బడికి వేల డాలర్లు పోసి పంపుతున్నాడు. ఆ పాప మాల్‌లో ‘బ్వేనస్ దియాస్’ (శుభోదయం) అంటే చుట్టుపక్కలవాళ్లు ఆగి మరీ ముద్దు చేస్తారు. ఆ బడి గదులు ఊడ్చే ఆమె అదే మాటను, అంతకన్నా శుద్ధమైన ఉచ్చారణతో, అదే మాల్‌లో అంటే తమరు ప్రత్యక్షమవుతారు. 1960 ఎన్నికల్లో జాన్ కెన్నెడీ కోసం ఆయన భార్య జాక్వెలిన్ టీవీలో స్పానిషులో ఓట్లు అడిగారు. ఇది అమెరికా అని ఆ ఇంటికి తెలియక కాదు. కాబట్టి తమరు వినేది భాషను కాదు. చీపురు ఎవరి చేతిలో ఉందో చూసుకుని ఆ తరువాత చెవి తెరుస్తారు. 2025 మార్చి 1న అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వుతో ఇంగ్లీషు ఈ దేశపు అధికార భాష అయినప్పుడు తమరు ఎంత మురిసిపోయి ఉంటారో ఊహించగలను. అది ప్రభుత్వ సంస్థలకు సంబంధించిన ఉత్తర్వని, అవకాడోలను ఏ భాషలో నొక్కాలో అందులో లేదని, చదివే ఓపిక ఉన్నప్పుడు గమనించగలరు.

ఇక మా సంగతి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లో ఒక బార్‌లో, మా దేశం విడిచి పొమ్మని అరిచిన మనిషి శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపినప్పుడు, ఇక్కడి తెలుగువాళ్ల మధ్య తిరిగిన సలహాల్లో ఒకటి, బయట నలుగురిలో ఉన్నప్పుడు ఇంగ్లీషులోనే మాట్లాడుకోవడం మంచిదని. తమరు నోరు విప్పకుండానే మాతో మాట నెగ్గించుకున్నారు. 2022లో మా ప్లేనోలోనే ఒక పార్కింగ్ స్థలంలో నలుగురు భారతీయ స్త్రీల మీద తమరి తోబుట్టువు ‘మీ దేశానికి పొండి’ని ప్రయోగించి చేయిచేసుకున్న మహిళ, తాను మెక్సికన్ అమెరికన్‌నని తనే చెప్పుకుంది. తమరికి కులమత భేదాలు లేవు, ఎవరి నోరు ఖాళీగా ఉంటే అందులో కాపురం పెడతారు.

కిరాణా దుకాణంలో నేనేమి చేశానో చెబుతానన్నాను. ఆ వరుసలో నేను ఫోనులో రాజమండ్రిలో ఉన్న మా అమ్మతో మాట్లాడుతున్నాను. తెలుగులో, మామ్మగారికన్నా గట్టిగానే. తమరు వెలువడగానే నా గొంతు దానంతటదే తగ్గింది. “తరువాత చేస్తానమ్మా” అని కూడా పూర్తిగా అనకుండా ఫోను జేబులో పెట్టుకున్నాను. తమరు నా ముందున్న మామ్మగారికే గాని నాకు కాదని అర్థమైన క్షణంలో, సిగ్గు విడిచి చెబుతున్నాను, కొంచెం హాయిగా అనిపించింది. ఈ దేశంలో 4 కోట్ల మందికి పైగా ఇళ్లలో స్పానిషు మాట్లాడతారు. ఆ పెద్ద చెట్టు కింద దెబ్బలన్నీ చెట్టుకే తగులుతుంటే, మేము నీడన నిలబడి కాయలు ఏరుకుంటున్నాం. మనవరాలి వెనుక నేనొక మాట అనవచ్చు. అనలేదు. బిల్లు కట్టి, ఇంగ్లీషులో కృతజ్ఞతలు చెప్పి వచ్చేశాను.

మరునాడు ఉదయం అమ్మకు మళ్లీ ఫోను చేశాను. “ఏరా, నిన్న మధ్యలో పెట్టేశావు, పక్కన ఎవరైనా ఉన్నారా?” అని అడిగింది. ఆఫీసువాళ్లు ఉన్నారమ్మా అన్నాను. శనివారం కూడానా అంది. అవునమ్మా అన్నాను, తెలుగులోనే అన్నాను, కారులో కూర్చుని, నాలుగు అద్దాలూ ఎక్కించుకుని.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి చెవిన పడకుండా తెలుగు మాట్లాడుకుంటున్న ఒక ప్లేనోవాసి