పేరు లేని ఫొటోకి మార్కులెందుకు?

జనవరి దాటిందంటే గుంటూరు, పల్నాడు పల్లెల్లో మిరప కల్లాలు నిండిపోతాయి. మన జర్నలిజం, ఫొటోగ్రఫీ కోర్సుల విద్యార్థులు కెమెరాలు పట్టుకుని అటు వచ్చేదీ ఆ రోజుల్లోనే. నేలంతా ఎర్రగా పరిచిన కాయలు, మధ్యలో పసుపు చీర కట్టుకుని వంగి ఉన్న ఆడమనిషి, పైనుంచి తీసిన ఫ్రేమ్. రంగులు బ్రహ్మాండంగా కుదురుతాయి. ఆ ఫొటోలో ఉన్నామె పేరేమిటి, ఏ ఊరి నుంచి వచ్చింది అని అడిగితే మాత్రం చాలాసార్లు జవాబు రాదు.

ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. నాయకుల సభలు, సినిమా వేడుకల ఫొటోలే పేజీలు నింపుతున్న కాలంలో వాళ్లు కూలీల దగ్గరికి వెళ్తున్నారు. అది చిన్న సంగతి కాదు. తప్పంతా మనం నేర్పే పద్ధతిలో ఉంది. ఒక రోజు ఫీల్డ్ విజిట్, కొన్ని ఫొటోలు, వాటిలో ‘బెస్ట్’ అనిపించినదానికి మార్కులు. అలా లెక్కగడితే విద్యార్థి మంచి వెలుతురు కోసం చూస్తాడు కానీ మనిషి కోసం ఎందుకు చూస్తాడు?

ఆ ఒక్క ఫ్రేమ్‌లో పట్టనిది ఎంతో ఉంది. కర్నూలు జిల్లా పడమటి వైపు నుంచి, ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి, కుటుంబాలకు కుటుంబాలు మిరప కోతలకు తరలివస్తాయి. బియ్యం, గిన్నెలు, దుప్పట్లు, పిల్లలు అందరూ ఒకే బండిలో. చేను పక్కనే టార్పాలిన్ పట్టాలు కట్టుకుని కాపురం. పొద్దు పొడవకముందే వంట ముగించి కోతకు వెళ్లాలి. బడి మానిపించి తెచ్చిన పెద్దపిల్ల గుడారం దగ్గర చంటివాణ్ణి ఆడిస్తుంది. సాయంత్రం తూకం, మేస్త్రి పుస్తకంలో లెక్క. చీకటి పడ్డాక చేతులు మండటం మొదలవుతుంది. మిరప ఘాటు ఒకసారి వేళ్లకు పట్టిందంటే నీళ్లతో కడిగినా పోదు. ఆ చేత్తో కళ్లు తుడుచుకోలేరు, ఏడుస్తున్న బిడ్డ మొహం నిమరాలన్నా భయమే. కల్లం దగ్గర ఫొటో తీసుకుని సాయంత్రం బస్సెక్కిన విద్యార్థికి ఇదేదీ కనిపించదు. కనిపించాలంటే రాత్రి అక్కడ ఉండాలి, మర్నాడు మళ్లీ వెళ్లాలి, వాళ్లు బండెక్కి సొంతూరు తిరిగి వెళ్లేటప్పుడు కూడా ఉండాలి.

ఇలా పనిచేయడం విద్యార్థులకు సాధ్యమేనా అనే సందేహం న్యాయమైనదే. అమెరికాలో చాలా కాలంగా సాధ్యమవుతోంది. మిస్సోరి విశ్వవిద్యాలయంలో ఫొటోజర్నలిజం బోధించిన క్లిఫ్టన్ ఎడమ్ 1949లో ఒక వర్క్‌షాప్ మొదలుపెట్టాడు. ఏటా ఆ రాష్ట్రంలోని ఒక చిన్న ఊరిని ఎంచుకుంటారు. విద్యార్థులు, యువ ఫొటోగ్రాఫర్లు వారం పాటు అక్కడి మామూలు మనుషుల జీవితాన్ని తీస్తారు. అయితే షట్టర్ నొక్కే ముందు ఎవరి కథ చెబుతున్నారో, ఎందుకు చెబుతున్నారో బోధకులకు వివరించి ఒప్పించాలి. ఒప్పించలేకపోతే మళ్లీ ఊళ్లోకి వెళ్లి మనుషులతో మాట్లాడి రావాలి. డిజిటల్ కెమెరాలు వచ్చాక కూడా ఒక్కొక్కరికి 400 ఫ్రేములే అని పరిమితి పెట్టారు. ఫోన్‌తో గంటలో అంతకు మించి తీసేయగల ఈ రోజుల్లో ఆ పరిమితి ఎంత గట్టిదో ఆలోచించండి. చేతిలో ఉన్నవి లెక్కకు సరిపడా ఫ్రేములే కాబట్టి ముందు చూడాలి, వినాలి, ఆగాలి. పోజు పెట్టించిన ఫొటోని ఎడమ్ అసలు ఒప్పుకునేవాడు కాదు.

ఆ వర్క్‌షాప్ తొలి బోధకుల్లో రాయ్ స్ట్రైకర్ ఒకడు. 1930ల ఆర్థిక మాంద్యం కాలంలో అమెరికా రైతులు, వలస కూలీల బతుకుల్ని ఫొటోలు తీయించిన ప్రభుత్వ విభాగానికి పెద్ద ఆయనే. ఆ విభాగంలో పనిచేసిన ఫొటోగ్రాఫర్ డొరొథియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో వద్ద బఠానీ కోత కూలీల శిబిరంలో తీసిన తల్లీపిల్లల ఫొటో ప్రపంచమంతా తిరిగింది. లాంగ్ ఆ తల్లి పేరు అడగలేదు. ఫొటో అచ్చయ్యాక శిబిరానికి ప్రభుత్వం ఆహారం పంపింది, కానీ అప్పటికే ఆ కుటుంబం వేరే చోటికి వెళ్లిపోయింది. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫొటో వల్ల తనకు ఒరిగిందేమీ లేదని ఆమె బాధపడింది. అది గొప్ప ఫొటో అనడంలో నాకు సందేహం లేదు. దాన్ని తరగతిలో చూపించే మాస్టారు ఈ రెండో సగాన్ని కూడా చెప్పి తీరాలి.

మన దేశంలోనూ దారి ఉంది. జర్నలిస్టు పి.సాయినాథ్ 2014 డిసెంబరులో మొదలుపెట్టిన వెబ్‌సైట్ పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా, అంటే ‘పరి’, సామాన్యుల రోజువారీ జీవితాన్నే ప్రధాన వార్తగా తీసుకుంది. విద్యార్థులు రాసినవీ, తీసినవీ ప్రచురిస్తుంది, తెలుగులోనూ వస్తుంది. అక్కడ ఫొటో కింద వ్యాఖ్య చూడండి: మనిషి పేరు, ఊరు, చేసే పని, చాలాచోట్ల కూలి కూడా ఉంటాయి. అందులోనే పనిచేసే ఎం.పళని కుమార్ తమిళనాడులో పారిశుధ్య కార్మికుల జీవితాల్ని, మరణాల్ని ఏళ్ల తరబడి ఫొటోలు తీశాడు. ఆయన తల్లి చేపలు అమ్మి కుటుంబాన్ని పోషించింది. ఆయన ఇప్పుడు శ్రామిక కుటుంబాల పిల్లలకు కెమెరా నేర్పుతున్నాడు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పని ఇదే. కోసిగి నుంచి వచ్చిన కూలీ కూతురు డిగ్రీ చదివి కెమెరా పట్టుకుంటే, పైనుంచి పసుపు చీర ఫ్రేమ్ కోసం ఎగబడదు. రాత్రిళ్లు చేతుల మంట ఆమెకు తెలుసు.

మన కాలేజీలకు కొత్త బిల్డింగులు, ఖరీదైన లెన్సులు అక్కర్లేదు. సెమిస్టర్ అంతటికీ ఒకే మనిషి, లేదా ఒకే కుటుంబం కథ ఇవ్వండి. ఫోన్‌తో తీసినా సరే. మొదటి వారం కెమెరా లేకుండా వెళ్లమనండి. మార్కుల్లో సగం వ్యాఖ్యలకు, మాటల్లో సేకరించిన వివరాలకు కేటాయించండి. పేరు బయటపెడితే ఇబ్బంది అని ఆ మనిషి చెబితే పేరు దాచాలి, కానీ విద్యార్థి నోట్‌బుక్‌లో అది ఉండాలి. ప్రయాణ ఖర్చుల సంగతి కాలేజీయే చూసుకోవాలి. లేకపోతే డబ్బున్న పిల్లలే మళ్లీ మళ్లీ వెళ్లగలుగుతారు.

ఇక ప్రదర్శన. మిస్సోరి వర్క్‌షాప్‌లో వారం చివర, తీసిన ఫొటోల్లో ఎంచినవి ఆ ఊళ్లోనే ప్రదర్శనకు పెడతారు, ఊరివాళ్లు వచ్చి తమని తాము చూసుకుంటారు. మన దగ్గర మిరప కూలీ ఫొటో హైదరాబాద్ గ్యాలరీలో వేలాడుతుంది, ఆమెకు ఆ సంగతే తెలియదు. ముందు గ్రామ పంచాయతీ ఆఫీసులోనో, మండల కేంద్రం హైస్కూల్ వరండాలోనో పెట్టాలి. వలస వచ్చినవాళ్లయితే వాళ్ల సొంతూళ్లో పెట్టాలి. ఎవరి ఫొటో వాళ్లకు ప్రింట్ ఇవ్వాలి. చూసి “ఇది వద్దు, తీసెయ్యి” అని ఎవరైనా అంటే, అది విద్యార్థి పోర్ట్‌ఫోలియోలో అన్నిటికంటే మంచి ఫొటో అయినా సరే తీసెయ్యాలి.