న్యూరెంబర్గ్ నుంచి ఇంటికి ఉత్తరాలు: ఇంటి నుంచి వెళ్ళినవాటి సంగతేంటి?

1945 డిసెంబర్ 13న, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక నాజీ నాయకుల మీద విచారణ జరుగుతున్న జర్మనీలోని న్యూరెంబర్గ్ కోర్టు హాల్లో ఒక టేబుల్ మీద ఏవో వస్తువులు పెట్టి పైన తెల్లటి గుడ్డ కప్పారు. అమెరికన్ ప్రాసిక్యూటర్ థామస్ డాడ్ వాదన వినిపిస్తూ ఆ గుడ్డ తీయించాడు. అక్కడున్నది నాజీల నిర్బంధ క్యాంపు బుకెన్‌వాల్డ్‌లో దొరికిన ఒక ఖైదీ తల, ఎండబెట్టి పిడికిలంత సైజుకి కుదించి స్టాండ్ మీద బిగించారు, క్యాంపు కమాండెంట్ దాన్ని పేపర్‌వెయిట్‌లా వాడుకున్నాడని వాదన. కోర్టు రికార్డులో దాని నంబర్ యూఎస్ఏ-254.

అదే డాడ్ ఆ నెలల్లో దాదాపు రోజూ అమెరికాలో ఉన్న భార్య గ్రేస్‌కి ఉత్తరం రాసేవాడు. కనెక్టికట్‌లో ఇల్లు, ఐదుగురు పిల్లలు, వాళ్ళలో క్రిస్టఫర్ 1944 మేలో పుట్టాడు అంటే నాన్న యూరప్ వెళ్ళేనాటికి ఏడాది దాటిన పసివాడు. ఆ పసివాడే పెద్దయ్యి అమెరికా సెనేటర్ అయ్యి 2007లో నాన్న ఉత్తరాలని పుస్తకంగా తెచ్చాడు. వీటి గురించి రాసేవాళ్ళు ఎక్కువగా రెండే మాటలు చెప్తారు, ఒకటి భార్యాభర్తల ప్రేమ, రెండోది న్యాయం కోసం నిలబడ్డ హీరో. రెండూ అబద్ధం కాదు, కానీ వీటిని అలా మాత్రమే చదివితే నాకు సరిపోదు. ఎందుకంటే ఈ ఉత్తరాల అసలు విలువ ఆ విచారణని మామూలు మనుషులు, అలసిపోయి, విసుక్కుని, ఒకళ్ళతో ఒకళ్ళు గొడవపడి ఎలా నడిపారో చూపించడంలో ఉంది, పైగా పుస్తకంలో మనకి కనపడేది ఆయన రాసిన వైపే. గ్రేస్ ఏం రాసిందో ఆ పేజీల్లో లేదు.

ఇది చిన్న విషయంలా అనిపించొచ్చు కానీ ఆ కోర్టు ఎలా నడిచిందో గుర్తు తెచ్చుకోండి. అమెరికా చీఫ్ ప్రాసిక్యూటర్ రాబర్ట్ జాక్సన్ మొదట్లోనే ఒక నిర్ణయం తీసుకున్నాడు, కేసుని సాక్షుల మీద కంటే నాజీల సొంత కాగితాల మీదే నిలబెట్టాలని. సాక్షి భయపడొచ్చు, మర్చిపోవచ్చు, పగతో చెప్తున్నాడని డిఫెన్స్ లాయర్ అనొచ్చు, కానీ వాళ్ళే సంతకం పెట్టిన ఆర్డర్‌ని ఎవరూ కాదనలేరు. ఆ నిర్ణయం వల్ల విచారణ చాలా రోజులు విసుగ్గా సాగిందని అప్పట్లోనే విమర్శ వచ్చింది, కానీ ఇవాళ హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల ఊచకోత) జరగలేదని ఎవడైనా వాదిస్తే ఆ కాగితాలే జవాబు చెప్తున్నాయి. కాగితానికి అంత విలువిచ్చిన కోర్టు అది. అలాంటి కోర్టులో పనిచేసినవాళ్ళు ఇంటికి రాసుకున్న కాగితాలని, ఇంటి నుంచి అందుకున్న కాగితాలని మనం ఎందుకు ఫ్యామిలీ ఆల్బమ్ లెక్కలో చూస్తున్నాం?

డాడ్ ఉత్తరాల్లో కోర్టు ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఎప్పటికీ దొరకనివి చాలా ఉన్నాయి. టీం లోపల ఎవరికి ఏ పని ఇవ్వాలని గొడవ, సోవియట్ వాళ్ళ మీద అనుమానం, ఇంటి మీద బెంగ. వీటన్నిటికంటే నన్ను ఆపేసింది 1945 సెప్టెంబర్‌లో రాసిన ఒక ఉత్తరం. అందులో అమెరికన్ స్టాఫ్‌లో యూదులు ఎక్కువైపోయారని, నూటికి 75 మంది దాకా వాళ్ళేనని, వాళ్ళ మంచికే వాళ్ళు ఈ విచారణకి దూరంగా ఉండాలని భార్యకి రాశాడు. యూదు ద్వేషం తనకి గిట్టదని ఆమెకి తెలుసు కదా అనే ధోరణిలో చెప్తూనే రాశాడు. యూదుల ఊచకోత మీద విచారణ జరిపించబోతున్న లాయర్, ఇంకో రెండు నెలల్లో క్యాంపుల ఫిల్మ్‌ని కోర్టుకి పరిచయం చేయబోయే మనిషి, రాసిన మాటలివి. దీన్ని సమర్థించేవాళ్ళు, యూదులు పక్షపాతంతో విచారణ చేశారని జర్మన్లు అంటారేమోనన్న భయంతో అలా రాశాడని అంటారు, ఆ భయం కొంత నిజమే కావొచ్చు. కానీ బాధితుల జనం నుంచి వచ్చిన లాయర్లు ఉంటేనే న్యాయం మీద అనుమానం వస్తుందని అనుకోవడం కూడా ఒక పక్షపాతమే కదా. గెలిచిన దేశాల వాళ్ళే జడ్జీలుగా కూర్చున్నప్పుడు రాని అనుమానం స్టాఫ్‌లో యూదులుంటే ఎందుకు వస్తుంది?

ఈ ఉత్తరాన్ని కూడా పుస్తకంలో ఉంచినందుకు కొడుకుని మెచ్చుకోవాలి, తీసేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. అయితే ఆ పుస్తకం వచ్చిన టైం కూడా చూడాలి. 2006లో అమెరికా కాంగ్రెస్, టెర్రరిజం అనుమానంతో గ్వాంటనామో జైల్లో పెట్టినవాళ్ళని మామూలు కోర్టుల్లో కాకుండా మిలిటరీ కమిషన్ల ముందు విచారించే మిలిటరీ కమిషన్స్ చట్టం పాస్ చేసింది, క్రిస్టఫర్ డాడ్ దాన్ని వ్యతిరేకించి ఓటేశాడు, ప్రెసిడెంట్ పదవికి పోటీలోకి కూడా దిగాడు. నాజీలకే లాయర్లనిచ్చి, సాక్ష్యం చూపించి, వాళ్ళ జవాబు విని శిక్ష వేసిన దేశం ఇప్పుడు ఆ పద్ధతిని వదులుకుంటుందా అనేది ఆయన వాదన, నాన్న ఉత్తరాలు దానికి బలం. వాదనతో నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ఒక వాదన కోసం బయటికొచ్చిన ఉత్తరాలని ఆ వాదనకి పనికొచ్చే మేరకే చదివి ఊరుకోకూడదు.

ఇప్పుడు బ్రిటిష్ వైపు చూద్దాం, ఇక్కడ కథ వేరేగా ఉంది. డేవిడ్ మాక్స్‌వెల్ ఫైఫ్ కన్జర్వేటివ్ ఎంపీ, 1945 జులైలో లేబర్ పార్టీ గెలిచాక ఆయన చేతిలోని అటార్నీ జనరల్ పదవి పోయింది, బ్రిటిష్ చీఫ్ ప్రాసిక్యూటర్‌గా హార్ట్‌లీ షాక్రాస్ వచ్చాడు, ఫైఫ్ డిప్యూటీ అయ్యాడు. కానీ షాక్రాస్ ఎక్కువగా లండన్‌లోనే ఉండటంతో రోజువారీ పని నడిపించింది ఫైఫే. ఆయనకీ భార్య సిల్వియాకీ మధ్య నడిచిన ఉత్తరాలని ఆ కుటుంబం దాచింది, తర్వాత బయటపెట్టింది, ఇప్పుడవి కేంబ్రిడ్జిలోని చర్చిల్ ఆర్కైవ్స్ సెంటర్‌లో ఉన్నాయి. ఇక్కడ రెండు చేతిరాతలూ ఉన్నాయి. ఆ ఏడాది బ్రిటన్ ఎలా ఉందంటే యుద్ధం గెలిచి కూడా 1946 జులైలో బ్రెడ్‌కి రేషన్ పెట్టారు, యుద్ధం నడిచిన ఆరేళ్ళలో కూడా పెట్టనిది. అలాంటి దేశంలో ఇల్లు నడుపుతున్న భార్య రాసే ఉత్తరం, ఓడిపోయిన దేశంలో శిథిలాల మధ్య కేసు నడుపుతున్న భర్తకి చేరుతుంటే, గెలుపు అంటే రెండు వైపులా ఏం మిగిలిందో తెలుస్తుంది. ట్రాన్స్‌క్రిప్ట్ ఒక్కటే చదివితే గెలిచినవాళ్ళు కడుపు నిండా తిని తీర్పు చెప్పారనిపిస్తుంది.

1946 మార్చిలో ఆ విచారణకి అతి పెద్ద పరీక్ష ఎదురైంది, ముద్దాయిల్లో అందరికంటే పెద్ద నాజీ నాయకుడు, జర్మన్ వైమానిక దళం అధిపతి హెర్మన్ గోరింగ్ క్రాస్ ఎగ్జామినేషన్. జాక్సన్ మూడు రోజులు ప్రయత్నించి నలిగిపోయాడు. జర్మనీ సైన్యం పెట్టకూడదని ఒప్పందమున్న రైన్‌లాండ్ ప్రాంతాన్ని ఆక్రమించడానికి ప్లాన్ చేశారని చూపిద్దామని ఒక కాగితం తీస్తే, అది రైన్ నదిలో పడవల రాకపోకలకి అడ్డు లేకుండా చేయడం గురించి, అనువాదంలో తేడా వచ్చిందని గోరింగే కోర్టులో సరిదిద్దాడు. ఆ తర్వాత లేచింది మాక్స్‌వెల్ ఫైఫ్. పెద్ద పెద్ద సిద్ధాంతాలు పక్కనపెట్టి ఒక చిన్న విషయం పట్టుకున్నాడు, సెలవు తారీఖులు. 1944 మార్చిలో, గోరింగ్ వైమానిక దళం నడిపిన యుద్ధ ఖైదీల క్యాంపు స్టాలాగ్ లుఫ్ట్ 3 నుంచి 76 మంది మిత్రదేశాల వైమానిక దళం ఆఫీసర్లు సొరంగం తవ్వి తప్పించుకున్నారు, దొరికినవాళ్ళలో 50 మందిని కాల్చి చంపారు. ఆ టైంలో నేను సెలవులో ఉన్నాను అన్నది గోరింగ్ వాదన. సరే, సెలవు ఎప్పుడు అయిపోయింది? మార్చి 29కి. హత్యలు ఎప్పటిదాకా జరిగాయి? ఏప్రిల్ 13 దాకా. అంతవరకు కోర్టుని తన స్టేజీలా వాడుకున్న మనిషి అక్కడ తడబడ్డాడు.

డాడ్‌కి కూడా అలాంటి రోజు వచ్చింది, 1946 మే నెలలో, జర్మనీ కేంద్ర బ్యాంకు రైక్స్‌బ్యాంక్ అధ్యక్షుడిగా చేసిన వాల్టర్ ఫంక్ బోనులో ఉన్నప్పుడు. ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాంకు ఖజానాలో దొరికిన, క్యాంపులు నడిపిన నాజీ దళం ఎస్ఎస్ సంచుల్లోంచి బంగారు పళ్ళు, కళ్ళద్దాల ఫ్రేములు, నగలు కుమ్మరిస్తున్న ఫిల్మ్ చూపించి, భద్రంగా ఉంటుందని ఎవరైనా తన బంగారు పన్ను బ్యాంకులో డిపాజిట్ చేసినట్టు విన్నావా అని అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు లేదు. ఫంక్‌కి జీవిత ఖైదు పడింది. (ఆరోగ్యం బాగోలేదని 1957లో వదిలేశారు, అది వేరే బాధ.)

ఇలాంటి ప్రశ్నలు ఊరికే పుట్టవు. పగలంతా ఆ వస్తువులు చూసిన మనిషికి రాత్రి దాన్ని ఎవరికో ఒకరికి మామూలు మాటల్లో చెప్పుకోవాల్సిన అవసరం ఉంటుంది, చట్టం భాషలో కాకుండా. పన్ను బ్యాంకులో దాచుకుంటామా అనేది లా కాలేజీలో నేర్పే ప్రశ్న కాదు, ఇంట్లో మనుషులు మాట్లాడుకునే మాట. ఉత్తరాలే ఆ ప్రశ్నని తయారుచేశాయని నేను చెప్పట్లేదు, కానీ రోజూ లాయర్ కానివాళ్ళకి అర్థమయ్యేలా రాస్తూ ఉన్న మనిషి కోర్టులో కూడా అలా మాట్లాడగలగడం నాకు ఆశ్చర్యంగా లేదు.

ఇంకో ఉత్తరం గురించి చెప్పకుండా ఉండలేను. హెర్ష్ లాటర్‌పాక్ట్ కేంబ్రిడ్జి ప్రొఫెసర్, మానవాళిపై నేరాలు అనే భావన న్యూరెంబర్గ్ చార్టర్‌లోకి, అంటే ఆ కోర్టుని ఏర్పాటు చేసిన నిబంధనల్లోకి రావడంలో ఆయన పాత్ర చాలా పెద్దది, షాక్రాస్ ప్రసంగాల్లో కొంత భాగం రాసింది కూడా ఆయనే. 1945 నవంబర్‌లో విచారణ మొదలైనప్పుడు బ్రిటిష్ టీంతో పాటు కోర్టులో కూర్చుని, చరిత్రలో మొదటిసారి ఒక సార్వభౌమ దేశం బోనులో నిలబడటం చూశానని భార్య రేచల్‌కి రాశాడు. ఆ రోజు ఆయన ఎదురుగా ముద్దాయిల వరసలో ఉన్నవాళ్ళలో ఒకడు హాన్స్ ఫ్రాంక్, ఆక్రమిత పోలండ్‌కి గవర్నర్ జనరల్. లాటర్‌పాక్ట్ తల్లిదండ్రులు, తోబుట్టువులు ఉండిపోయిన ల్వోవ్ నగరం (ఇప్పుడు ఉక్రెయిన్‌లోని ల్వివ్) 1941 నుంచి 1944 దాకా ఫ్రాంక్ పాలన కిందే ఉంది. వాళ్ళు ఏమయ్యారో ఆ నవంబర్‌లో ఆయనకి ఇంకా తెలియదు. మరుసటి ఏడాది తెలిసింది, దాదాపు అందరూ పోయారు, మేనకోడలు ఒక్కతే మిగిలింది. ఇది తెలిసి ఆ ఉత్తరాన్ని మళ్ళీ చదివితే అందులోని సంతోషం చదవడం చాలా కష్టం, చట్టానికి అదొక విజయం అని ఎంత తెలిసినా సరే.

ఉత్తరాలు రాసినంత మాత్రాన వీళ్ళు జీవితమంతా అదే ఎత్తులో నిలబడ్డారని కూడా అనుకోవద్దు. డాడ్ సెనేటర్ అయ్యాడు, ఎన్నికల డబ్బు సొంతానికి వాడుకున్నాడని 1967లో సెనేట్ 92-5 ఓట్లతో అభిశంసించింది. మాక్స్‌వెల్ ఫైఫ్ 1950 నాటి యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందం తయారీలో ముఖ్యుడు, అదే మనిషి హోం సెక్రటరీగా 1953లో డెరెక్ బెంట్లీ అనే 19 ఏళ్ళ కుర్రాడి ఉరిని ఆపడానికి ఒప్పుకోలేదు, 1998లో కోర్టు బెంట్లీ శిక్షని కొట్టేసింది. వీళ్ళని విగ్రహాల్లా చూస్తే ఈ రెండో భాగం మింగుడుపడదు, ఉత్తరాల్లోని మనుషులుగా చూస్తే అర్థమవుతుంది, క్షమించకపోయినా.

ఇప్పటి విచారణల సంగతికొస్తే నాకు నిజంగా దిగులుగా ఉంది. యుగోస్లావియా నేరాల మీద హేగ్‌లో 1993 నుంచి 2017 దాకా, రువాండా జాతి హత్యాకాండ మీద టాంజానియాలోని అరుషాలో 1994 నుంచి 2015 దాకా ట్రిబ్యునళ్ళు నడిచాయి, లాయర్లు ఏళ్ళ తరబడి ఇళ్ళకి దూరంగా ఉన్నారు. ఈ కాలంలో ఇంటికి మాట చేరింది ఎక్కువగా ఫోన్‌లో, ఈమెయిల్‌లో, తర్వాత మెసేజీల్లో. ఫోన్ మారితే పోతాయి. దానికి తోడు సాక్షుల పేర్లు రహస్యంగా ఉంచే రూల్స్ ఇప్పుడు చాలా గట్టివి, బయటపెడితే కోర్టు ధిక్కారం, అది ఉండాల్సిందే, ఎందుకంటే సాక్షి ప్రాణం ఉత్తరం కంటే ముఖ్యం. డాడ్ రాసినంత ఓపెన్‌గా ఇవాళ్టి లాయర్ రాయకూడదు.

అయినా దారి లేకపోలేదు. సాక్షి పేరు రాయకుండా ఆ రోజు తనకి ఏమనిపించిందో రాయొచ్చు, అలాంటివాటిని రాసిన ఇద్దరి ఒప్పుకోలుతో 30, 40 ఏళ్ళు సీల్ చేసి ఆర్కైవ్‌కి ఇవ్వొచ్చు, ట్రిబ్యునళ్ళ ఆర్కైవ్స్ అడిగి తీసుకోవచ్చు కూడా. అడిగేటప్పుడు లాయర్‌ని మాత్రమే కాదు, ఇంట్లో ఉన్న రెండో మనిషిని కూడా అడగాలి, వాళ్ళు రాసింది కూడా ఇమ్మని. ఇచ్చింది ఇచ్చినట్టు ఉంచాలి, డాడ్ సెప్టెంబర్ ఉత్తరం లాంటిది ఉన్నా సరే. సిల్వియా ఉత్తరాలు దొరికాయి కాబట్టి వాటితో మొదలుపెట్టొచ్చు, 1946 మార్చిలో భర్త గోరింగ్‌ని ప్రశ్నిస్తున్న వారంలోని ట్రాన్స్‌క్రిప్ట్ పక్కన అదే వారం ఇద్దరూ రాసుకున్నవి పెట్టి అచ్చువేసే పని ఏ యూనివర్సిటీ అయినా చేయగలదు.