రోజుకు 50 పదాలు, ఒక్కోటి 20 సార్లు: ఈ సలహా ఎందుకు నిలవదు

కొత్త భాష నేర్చుకునేవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "రోజుకు 50 పదాలు తీసుకోండి. ఒక్కోటి 20 సార్లు రాయండి. రంగులన్నీ ఒకరోజు, వంటసామానంతా ఒకరోజు, ఇలా ఒక రకం పదాలు ఒకేసారి పట్టండి. రాత్రి వాటి ఆడియో పెట్టుకుని పడుకోండి. 20 రోజుల్లో 1000 పదాలు వస్తాయి, 85 శాతం భాష చేతిలో ఉన్నట్టే. అయినా గుర్తుండటం లేదంటే లోపం మీ జ్ఞాపకశక్తిదే." ఆ చివరి మాట నమ్మి పుస్తకం మూసేసినవాళ్లను చూశాను. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందు 20 సార్లు రాయడం సంగతి. స్పానిష్ మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఇదే చేశాను. మారిపోసా అంటే సీతాకోకచిలుక. ఐదారు వరుసలయ్యాక చెయ్యి దానంతటదే మొదటి అక్షరాలన్నీ పైనుంచి కిందికి నిలువుగా వేసేసి, తర్వాత రెండో అక్షరాలు అందుకుంది. పేజీ నిండింది. మర్నాడు పొద్దున సీతాకోకచిలుకను ఏమంటారని నన్ను నేనే అడిగితే నోట మాట రాలేదు. పై వరుసలో ఉన్నదాన్ని కిందికి దించుతున్నంతసేపూ బుర్రకు పనే లేదు మరి.

పదం నిలవాలంటే దాన్ని చూడకుండా బయటికి లాగాలి. 2008లో కార్పికే, రోడిగర్ అనే పరిశోధకులు విద్యార్థులకు 40 స్వాహిలి పదాలు ఇంగ్లీషు అర్థాలతో నేర్పారు. ఒకసారి సరిగ్గా చెప్పేసిన పదాలను కొందరికి మళ్లీ మళ్లీ చూపించారు గానీ అడగలేదు. కొందరిని మాత్రం అడుగుతూనే వచ్చారు. వారం తర్వాత చూస్తే, అడిగించుకున్నవాళ్లకు దాదాపు 80 శాతం గుర్తున్నాయి. చూసుకుంటూ పోయినవాళ్లకు మూడో వంతుకు కాస్త పైన. కాబట్టి ఆ 20 సార్ల బదులు, అర్థం మీద చెయ్యి అడ్డుపెట్టి నాలుగుసార్లు అడుక్కోండి. రాకపోతే ఒక్క క్షణం తంటాలు పడండి, ఆ తర్వాతే చెయ్యి తీయండి.

బొత్తిగా పట్టుకు దొరకని పదానికి ఒక కొక్కెం తగిలించవచ్చు. జపనీస్‌లో ఇను అంటే కుక్క. ఇనప గొలుసుతో కట్టేసిన కుక్కను ఒకసారి కళ్లముందు ఊహించుకుంటే, ఇక మర్చిపోవడం కష్టం. నెకో అంటే పిల్లి, "నీకో పిల్లి" అనుకుంటే సరి. ఇవి పిల్లల ఆటలని కొందరు తీసిపారేస్తారు, అది తొందరపాటు. 1975లో ఆట్కిన్సన్, రా కలిసి 120 రష్యన్ పదాలతో ఈ పద్ధతిని పరీక్షించారు. కొక్కెం వాడినవాళ్లకు 72 శాతం, వాడనివాళ్లకు 46 శాతం గుర్తున్నాయి. పదం అలవాటయ్యాక ఆ గొలుసూ అదీ గుర్తు రావడం మానేస్తుంది, మాట ఒక్కటే మిగులుతుంది.

ఒక రకం పదాలన్నీ ఒకేసారి పట్టమనడం చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది. స్పానిష్‌లో కుచారా అంటే చెంచా, కుచీయో అంటే కత్తి. రెండూ ఒకే రోజు, పక్కపక్కనే నేర్చుకున్నాను. చాలా నెలలు ఏది ఏదో తేల్చుకోలేకపోయాను. అర్థంలో దగ్గరి పదాలు ఒకదాన్నొకటి తోసేసుకుంటాయని, వాటిని కలిపి నేర్చుకుంటే ఆలస్యమవుతుందని 1993లో టింకమ్ ప్రయోగాలు చేసి చూపించారు. ముందు చెంచా రానివ్వండి. అది గట్టిపడ్డాక కత్తి జోలికి వెళ్లండి.

నిద్రలో ఆడియో గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మెదడు తరంగాలు కొలుస్తూ, మనిషి నిజంగా నిద్రపోతున్నప్పుడే వినిపించి, సైమన్, ఎమ్మన్స్ 1956లోనే పరీక్షించారు. తెల్లారి ఏమీ గుర్తులేదు. పగలు చదివింది స్థిరపడటానికి మాత్రం నిద్ర కావాలి. ఆడియో ఆపేసి హాయిగా పడుకోండి.

ఇక 85 శాతం. ఈ వాక్యం చదవండి: "నిన్న సాయంత్రం మేమంతా కలిసి అక్కడికి వెళ్లాం కానీ, వాళ్లు ముందే ___ చేశారు కాబట్టి, మాకు ___ ఇవ్వడం కుదరదని చెప్పి, ___ వైపు చూపించారు." ఇందులో 20 పదాలు, 17 మీకు తెలుసు. సరిగ్గా 85 శాతం. ఎక్కడికి వెళ్లారు, ఏమివ్వలేదు, ఎటు చూపించారు? ఒక్కటీ తెలియదు. తరచుగా వచ్చే మాటలు ముందు నేర్చుకోవడం మంచిదే, కానీ సంగతంతా అరుదుగా వచ్చే మాటల్లోనే దాక్కుంటుంది. ఇంగ్లీషు పుస్తకాలు, పేపర్లు సాయం లేకుండా చదవాలంటే 8000 నుంచి 9000 పద కుటుంబాలు కావాలని పాల్ నేషన్ 2006లో లెక్క తేల్చారు. మూల పదం, దాని రూపాలు కలిపితే ఒక కుటుంబం.

20 రోజుల గడువులో నేర్చుకునే లెక్క ఉంది గానీ, తిరగేసే లెక్క లేదు. మొదటిరోజు 50 పదాలను మళ్లీ ఎప్పుడు చూడాలి? బారిక్ అనే మనస్తత్వవేత్త, ఆయన కుటుంబంలోని ముగ్గురు కలిసి తమ మీదే ఏళ్ల తరబడి ప్రయోగం చేసి 1993లో ప్రచురించారు. 14 రోజులకోసారి 26 సార్లు తిరగేస్తే ఎంత గుర్తుందో, 56 రోజులకోసారి 13 సార్లు తిరగేసినా ఇంచుమించు అంతే గుర్తుంది. ఎడం పెరిగితే సగం శ్రమ తగ్గింది! దీనికి యాప్ కూడా అక్కర్లేదు. సెబాస్టియన్ లైట్నర్ 1972లో చెప్పిన అట్టపెట్టె చాలు. అందులో ఐదు అరలు చేసి, సరిగ్గా చెప్పిన చీటీని తర్వాతి అరలోకి, తప్పినదాన్ని మళ్లీ మొదటి అరలోకి వేయాలి. మొదటి అర రోజూ, వెనక అరలు అప్పుడప్పుడూ తీయాలి. రోజుకు పదో పన్నెండో కొత్త పదాలైతే పెట్టె పొంగిపోదు.

చివరగా, లోపం మీ జ్ఞాపకశక్తిదేనన్న మాట. ఎబ్బింగ్‌హాస్ 1885లో అర్థంలేని అక్షరాలను తానే కంఠస్థం చేసి, ఎంత మర్చిపోయాడో కొలిచి రాశాడు. ఒక్కరోజు గడిచేసరికి, మళ్లీ నేర్చుకునేటప్పుడు కలిసొచ్చిన శ్రమ మూడో వంతే. జ్ఞాపకాన్ని శాస్త్రంగా కొలిచిన మొదటి మనిషికే అలా జరిగితే, 50 పదాల్లో 35 మర్చిపోయినందుకు మీరు బాధపడటం దేనికి? పైగా ఆ మూడో వంతు పోలేదు, లోపలే ఉంది. నేను స్పానిష్ వదిలేసి, ఏడాదికి పైగా గడిచాక మళ్లీ పెట్టె తీశాను. మొదటిరోజు చీటీలన్నీ కొత్తగానే కనిపించాయి. నాలుగోరోజు మారిపోసా చీటీ తిప్పకుండానే చెప్పేశాను.