నడిచేవాళ్లకు ఒక సందు వదలండి

మా కాలనీకీ మెయిన్ రోడ్డుకీ మధ్య ఒక పెద్ద లేఔట్ ఉంది. చుట్టూ ప్రహరీ. వెనక మూల ఆ గోడకు మనిషి పక్కకు తిరిగితే పట్టేంత కన్నం, దాని కింద మెట్టులా పేర్చిన రెండు సిమెంటు ఇటుకలు. పొద్దున ఆరింటికే ఇళ్లలో పనికొచ్చే ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని అందులోంచి దాటుతారు. ఇప్పటికి రెండుసార్లు పూడ్చారు. వారం తిరక్కుండానే మళ్లీ తెరుచుకుంది. అది లేకపోతే బస్టాప్‌కి కిలోమీటరున్నర చుట్టు తిరగాలి మరి.

హైదరాబాద్ శివార్లలో కోకాపేట, తెల్లాపూర్ వైపు వెళ్లి చూడండి. రోడ్లు విశాలంగానే ఉంటాయి, వాటిని కలిపే సందులే ఉండవు. అదే నగరం నడుమ ఉన్న కోఠిలో అయితే నాలుగడుగులకో సందు. ఒకటి మూసుకుపోతే ఇంకోదాంట్లో దూరి వెళ్లిపోతాం.

200 మీటర్ల వెడల్పు, 400 మీటర్ల పొడవు ఉన్న స్థలం తీసుకోండి. దాదాపు 20 ఎకరాలు. పొడుగు గోడ మధ్య నుంచి సరిగ్గా అవతలి వైపుకు వెళ్లాలంటే 200 మీటర్ల దూరానికి 600 మీటర్లు నడవాలి. ఎండాకాలంలో ఎవరైనా బండే తీస్తారు.

అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరం నడిబొడ్డున నాలుగు వీధుల మధ్య ఉండే ఒక్కో బ్లాక్ పొడవు 200 అడుగులే. అక్కడ మూల మలుపు ఎప్పుడూ కళ్లెదుటే ఉంటుంది. కానీ 60 అడుగుల వీధులతో అలా కడితే నూటికి 40 వంతుల నేల రోడ్లకే పోతుంది. అంత మనం భరించలేం. చండీగఢ్‌లో ఒక్కో సెక్టార్ 800 మీటర్ల వెడల్పు, 1200 మీటర్ల పొడవు. చాలా పెద్దదే, అయినా దాని లోపలి నుంచి వీధులు, నడకదారులు సాగుతాయి. అందుకే నా ఫిర్యాదు స్థలం సైజు మీద కాదు, దారి ఇవ్వని గోడ మీద.

భవన నిర్మాణ నిబంధనల మీద 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం, ఒకే ఆవరణలో చాలా ఇళ్లు కట్టే పెద్ద గ్రూప్ ప్రాజెక్టులు అంచున ఒక పక్క 9 మీటర్ల ప్రజాదారి వదలాలి. మంచి నిబంధనే. అయితే అంచున వెళ్లే దారి చుట్టును తగ్గించదు, నడిచేవాళ్లకు కావాల్సింది మధ్యలోంచి దారి. పైన చెప్పిన స్థలంలో 3 మీటర్ల నడకదారికి పట్టేది సుమారు 720 గజాలు, మొత్తంలో నూటికి ఒక వంతు కూడా కాదు. లేఔట్‌కి అనుమతి ఇచ్చేటప్పుడే ఆ దారిని ప్లానులో గీయించాలి. ఇళ్లు లేచాక ఎవరూ గజం కూడా వదలరు. భద్రత గురించి టెన్షన్ ఉంటే ఇరువైపులా లైట్లు పెట్టించి, రాత్రి పదింటికి గేటు వేసుకోండి. పొద్దున ఐదింటికి మాత్రం తీయండి.