నాంచాకు, పింగ్‌పాంగ్ బంతి, మూడు కుట్లు

మొన్న సాయంత్రం విజయవాడ సత్యనారాయణపురంలో మా డాబా మీద నడిచే కరాటే క్లాసుకి పదకొండేళ్ల కుర్రాడొకడు గడ్డానికి ప్లాస్టరుతో వచ్చాడు. మూడు కుట్లట. ఏమైందిరా అంటే, నాంచాకుతో, అంటే గొలుసుతో కలిపిన రెండు కర్రలతో, పింగ్‌పాంగ్ బంతి కొట్టబోయాడు. బంతి మంచం కిందికి పోయింది, కర్ర గడ్డానికి తగిలింది. వెనకాలే వచ్చిన వాళ్ల నాన్న ఆటోనగర్‌లో లారీ బాడీలు కడతారు. కొడుకుని ఒక్క మాట అనకుండా ఫోను తీసి నాకో వీడియో చూపించారు. "బ్రూస్ లీ ఆడాడు కదా మాస్టారూ, చూస్తే మావాడికీ హుషారొస్తుందని నేనే చూపించాను."

ఆ వీడియో కింద బారెడు మెసేజి ఉంది. మా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకే ఇప్పటికి మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: బ్రూస్ లీ నాంచాకుతో పింగ్‌పాంగ్ ఆడి ఛాంపియన్లని ఓడించాడు. ఆయన చేతి వేగం కెమెరాకి అందక టీవీవాళ్లు కెమెరాని నెమ్మదిగా తిప్పారు. ఆయన ప్రపంచ కరాటే ఛాంపియన్, ఒక్క పోటీ కూడా ఓడలేదు. అమెరికా టీవీ ఆయన్ని గెంటేసి, ఆయన రాసుకున్న 'కుంగ్ ఫూ' సీరియల్ని కొట్టేసి తెల్లవాడికిచ్చింది. చివరికి మాఫియా విషం పెట్టి చంపింది. ఆఖర్న నాలుగు దండాలు, పదిమందికి పంపమని ఆజ్ఞ.

ఇంగ్లీషు బొమ్మ వస్తే లీలామహల్‌కో నవరంగ్‌కో పరిగెత్తిన తరం మాది. ఆయన ఫొటో నా క్లాసు గోడ మీద ఇప్పటికీ ఉంది. ఊరూపేరూ లేని మెసేజి అయితే వదిలేద్దును. ఇది ఆయన పేరు మీద తిరుగుతోంది, పైగా మావాడి గడ్డం పగిలింది.

ముందు ఆ వీడియో సంగతి. అది 2008లో నోకియావాళ్లు చైనాలో ఎన్ 96 ఫోను అమ్ముకోడానికి తీసిన ప్రకటన. ఆయన పోలికలున్న మనిషిని పెట్టి షూటింగ్ చేసి, బంతిని తర్వాత కంప్యూటర్లో కలిపారు. పాత రీలులా కనబడాలని రంగు తీసేశారు. బ్రూస్ లీ 1973 జూలై 20నే పోయారు. నాంచాకు పట్టినవాడెవడికైనా ఇంకో అనుమానం కూడా రావాలి. గొలుసు చివర ఊగే గుండ్రటి కర్రకి అంత చిన్న బంతి తగలడమే గొప్ప, తగిలినా ఎటు పోతుందో చెప్పలేం. అది బల్లకి అవతలి మూలన పడిందంటే కంప్యూటరు మహిమే. ఆయనకి నాంచాకు అలవాటు చేసింది ఫిలిప్పీన్ యుద్ధవిద్యలు తెలిసిన డాన్ ఇనోసాంటో. ఒకరి దగ్గర నేర్చుకుని సాధన చేశారన్నమాట, పుట్టుకతో వచ్చిన మాయ కాదు.

కెమెరా గోలలో చారెడు నిజం ఉంది, దాన్ని తలకిందులు చేశారు. 'ది గ్రీన్ హార్నెట్' అనే అమెరికా టీవీ సీరియల్ షూటింగులో ఆయన్ని కాస్త నెమ్మదించమని అడిగిన మాట వాస్తవమే. ఆ సీరియల్లో ఫైట్లు ఎక్కువగా చీకట్లో, ఆయన వేసుకున్నది నల్ల డ్రైవరు యూనిఫాం. చెయ్యి కనపడితే కదా! ఇక లెక్క చూడండి. ఫిల్ము కెమెరా సెకనుకి 24 ఫ్రేములు తీస్తుంది, ఒక్కో ఫ్రేముకి షట్టరు తెరుచుకునేది దాదాపు సెకనులో 48వ వంతు. సాధన ఉన్నవాడి పిడికిలి సెకనుకి 8 మీటర్ల వేగంతో పోయిందనుకుంటే, ఆ ఒక్క ఫ్రేములోనే సుమారు 17 సెంటీమీటర్లు, అంటే జానెడుకి కాస్త తక్కువ, జరిగిపోతుంది. తెరమీద పొగలా అలుక్కుపోయి కనపడుతుంది. మా డాబా మీద ట్యూబులైటు వెలుతుర్లో బ్రౌన్ బెల్టు కుర్రాడి చేత పంచ్ కొట్టించి ఆ నాన్నగారి ఫోన్లోనే తీసి ఆపి చూపించాను. పిడికిలి లేదు, తెల్లటి చార ఉంది. "అమ్మో, మనవాడూ బ్రూస్ లీయేనా?" అన్నారాయన.

ఇంకో తిరకాసు ఏంటంటే, తెరమీద నెమ్మదిగా కనపడాలంటే కెమెరాని వేగంగా తిప్పాలి. నెమ్మదిగా తిప్పితే ఆట ఇంకా జోరుగా కనపడుతుంది. మన సినిమా ఫైట్లలో ముసలి హీరోకి కూడా మెరుపు తెప్పించే పాత కిటుకు అదే. అంటే మెసేజిలో రాసినట్టే చేసుంటే ఆయన్ని ఇంకా స్పీడుగా చూపించినట్టు! రాసినవాడు కెమెరా పట్టి ఎరగడు.

ప్రపంచ ఛాంపియన్ అన్నది శుద్ధ తప్పు. ఆయన కరాటే టోర్నమెంట్లలో పోటీ పడనే లేదు. 1964లో లాంగ్ బీచ్ పోటీలకి వెళ్లింది ప్రదర్శన ఇవ్వడానికి: అంగుళం దూరం నుంచి గుద్దు, రెండు వేళ్ల మీద దండీలు. రికార్డులో ఉన్న గెలుపు 1958లో హాంకాంగ్ స్కూళ్ల బాక్సింగ్‌లో. అదే ఏడాది ఇంకో ఛాంపియన్‌షిప్ కూడా కొట్టారు, చాచా డాన్సులో. ఇది చెప్పగానే మా కుర్రాడి మొహం చూడాలి.

టీవీ సంగతికొస్తే, నాకు అసలు బాధ ఇక్కడే. గెంటేశారనే ఒక్క ముక్కతో ఆయన ఏడెనిమిదేళ్ల కష్టం ఎగిరిపోయింది. ఆ లాంగ్ బీచ్ ప్రదర్శన చూసిన జే సెబ్రింగ్ అనే క్షురకుడు నిర్మాత విలియం డోజియర్ చెవిన వేశాడు. 1965లో స్క్రీన్ టెస్టు జరిగింది. 1966 సెప్టెంబరు 9న ఏబీసీ ఛానెల్లో గ్రీన్ హార్నెట్ మొదలైంది, కేటో వేషం ఈయనది. కారు నడిపే నౌకరు, డైలాగులు తక్కువ. 26 ఎపిసోడ్లకే 1967 మార్చిలో ఆగిపోయింది. అదే నెలలో బ్యాట్‌మాన్ సీరియల్లో అతిథిగా వచ్చి బ్యాట్‌మాన్ జోడీ రాబిన్‌తో తలపడితే, ఆ పోరు సమానంగా ముగిసింది. అమెరికాలో ఒక్క ఏడాదికే మూతపడ్డ ఆ సీరియల్ని హాంకాంగ్‌లో జనం 'కేటో షో' అని పిలుచుకున్నారు. 1971లో ఆయన సినిమా 'ది బిగ్ బాస్' అక్కడ రికార్డులు బద్దలుకొట్టే నాటికే ఆయన మొహం జనానికి తెలుసంటే ఆ నౌకరు వేషం పుణ్యమే.

అదే ఏడాది 'లాంగ్‌స్ట్రీట్' సీరియల్ నాలుగు ఎపిసోడ్లలో చూపు లేని పరిశోధకుడికి ఆత్మరక్షణ నేర్పే గురువుగా వేశారు. మొదటిది రాసిన స్టర్లింగ్ సిలిఫాంట్ నిజజీవితంలోనూ ఆయన శిష్యుడే. నన్నడిగితే కేటో కంటే ఈ వేషంలోనే అసలు మనిషి కనపడతాడు. కొట్టడం తక్కువ, చెప్పడం ఎక్కువ.

ఇక దొంగతనం మాట. 'కుంగ్ ఫూ' కథ ఎడ్ స్పీల్‌మన్, హోవార్డ్ ఫ్రీడ్‌లాండర్ అనే ఇద్దరిది, మొదట సినిమాకని రాసుకున్నది. బ్రూస్ లీ కూడా అమెరికా పశ్చిమ ప్రాంతంలో తిరిగే చైనా యోధుడి కథ ఒకటి విడిగా రాసుకున్నారు. రెండింటికీ పోలికలుండబట్టి ఒకటే అనేశారు. అయితే ఆ సీరియల్ హీరో వేషానికి ఈయన పేరు అనుకుని, చివరికి కుంగ్ ఫూ రాని డేవిడ్ కరడైన్‌ని పెట్టుకున్నారు. 1972 నుంచి 1975 దాకా నడిపారు. చైనావాడు హీరో అయితే జనం చూడరన్న భయం అది. దాన్ని నేను వెనకేసుకురాను. కానీ 1971 డిసెంబరు 9న కెనడా పాత్రికేయుడు పియర్ బెర్టన్‌కిచ్చిన ఇంటర్వ్యూలో ఆయనే, వ్యాపారంగా చూస్తే వాళ్ల భయం అర్థమవుతుందని, వాళ్లని తప్పుపట్టనని చెప్పారు. హాంకాంగ్‌లో విదేశీయుణ్ణి హీరోగా పెట్టాలన్నా డబ్బు పెట్టేవాడికి అదే గుబులుండేదన్నారు. ఆయన రాతల మీద అల్లిన 'వారియర్' సీరియల్ 2019లో వచ్చింది, నిర్మాతల్లో ఆయన కూతురు షానన్ ఒకరు. కథ కొట్టేస్తే ఇంట్లో కాగితాలు ఎలా మిగులుతాయి?

మాఫియా విషానికి ఆధారం లేదు. మెదడు వాచి చనిపోయారు, వయసు 32. అప్పటికి రెండు నెలల ముందు కూడా ఒకసారి అలాగే కుప్పకూలారు. తలనొప్పికి వేసుకున్న మాత్ర పడకపోవడమే కారణమని హాంకాంగ్ విచారణలో తేల్చి, ప్రమాదవశాత్తు మరణంగా రాశారు.

ఇదంతా చెప్పి, కుట్లు విప్పేదాకా నాంచాకు నా బీరువాలోనే ఉంటుందన్నాను. విప్పాక స్పాంజి చుట్టినది ఇస్తా. కుర్రాడు బుద్ధిగా తలూపి, వాళ్ల నాన్న మెట్లు దిగాక వెనక్కొచ్చాడు. వాళ్లక్క కూచిపూడి నేర్చుకుంటోంది, వీడు పొద్దస్తమానం వెక్కిరిస్తాడు.

"సార్, ఆ చాచా డాన్సు సంగతి అక్కకి చెప్పరుగా?"